ఊపిరికి దారి

2020 ఆగస్టు 5, సాయంత్రం. పోలండ్‌లోని కటోవిత్సె నగరం. కరోనా వల్ల నెలల తరబడి ఆగిపోయిన సైకిల్ పోటీలు మళ్లీ మొదలై కొద్ది రోజులే అయింది. టూర్ ఆఫ్ పోలండ్ మొదటి రోజు పందెం ఆఖరి కిలోమీటరుకు వచ్చింది. అక్కడ రోడ్డు పల్లంలోకి దిగుతుంది. మామూలుగా ఇలాంటి పందేల్లో ఆఖరి పరుగు గంటకు అరవై, డెబ్బై కిలోమీటర్ల మీద నడుస్తుంది. ఈ వాలులో అది ఎనభైకి చేరింది. ఒంటి మీద పల్చటి జెర్సీ, తలకు హెల్మెట్, వేలెడు వెడల్పు టైర్లు. ఇంతకు మించి రక్షణ ఎవరికీ లేదు.

అందరికంటే ముందు డైలాన్ గ్రూనవేగన్. అతని కుడివైపున, రోడ్డంచు బారికేడ్లకూ అతనికీ మధ్య ఉన్న సందులోంచి దూసుకొస్తున్నవాడు ఫాబియో యాకబ్సెన్. ఇద్దరూ నెదర్లాండ్స్ వాళ్లే. ఫాబియో ఆ దేశపు చాంపియన్. ఇంకో ఇరవై ఆరు రోజుల్లో అతనికి ఇరవై నాలుగేళ్లు నిండుతాయి. ముగింపు గీత ఇక కొన్ని మీటర్లే ఉంది. గ్రూనవేగన్ కుడికి జరిగాడు. ఇంకా జరిగాడు. మోచేయి అడ్డం వచ్చింది. సందు మూసుకుపోయింది.

ఫాబియో బారికేడ్లను గుద్దుకున్నాడు. ఒకదానికొకటి గట్టిగా బిగించి ఉండాల్సిన ఆ అడ్డుకట్టలు అట్టముక్కల్లా ఎగిరిపోయాయి. మనిషి వాటి మీదుగా అవతల పడ్డాడు. అక్కడ విధుల్లో ఉన్న పోటీ ఉద్యోగి ఒకరు కూడా దెబ్బతిన్నారు. సైకిల్ ఎగిరి వెనక్కి రోడ్డు మీద పడితే, వెనకాల వస్తున్నవాళ్లు దాని మీదా, ఒకరి మీద ఒకరూ పడ్డారు. గ్రూనవేగన్ కూడా పడ్డాడు. అతని మెడ దగ్గరి ఎముక విరిగింది.

ఆ గుంపు నుంచి ఒకతను వెనక్కి తిరిగాడు. పేరు ఫ్లోరియన్ సెనెషాల్. ఫ్రాన్స్ వాడు. ఫాబియోది, అతనిది ఒకే జట్టు. వెతుక్కుంటూ వచ్చేసరికి ఫాబియో కింద పడి ఉన్నాడు. మొహం రక్తంలో మునిగిపోయి గుర్తుపట్టేలా లేదు. లేవాలని, గాలి పీల్చుకోవాలని పెనుగులాడుతున్నాడు. గాలి అందడం లేదు. గొంతు నిండా రక్తం.

సెనెషాల్ డాక్టరు కాదు. సైకిల్ తొక్కి బతికేవాడు. కానీ ఆ క్షణంలో చెయ్యవలసింది ఏదో అదే చేశాడు. ఫాబియో తల ఎత్తి, నోట్లో నిండిన రక్తం లోపలికి పోకుండా బయటికి కారేలా పట్టుకున్నాడు. డాక్టర్లు చేరుకునేదాకా వదల్లేదు, మాట్లాడుతూనే ఉన్నాడు. తర్వాత కొద్ది రోజులు ఆ దృశ్యం అతణ్ణి నిద్రపోనివ్వలేదు.

మొహానికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు మనిషి సాధారణంగా ఆ గాయం వల్ల చచ్చిపోడు. విరిగిన ముక్కు, చీలిన పెదవి, ఊడిన పళ్లు చూడ్డానికి భయంకరంగా ఉంటాయి, చూసినవాళ్ల కాళ్లు వణుకుతాయి. ప్రాణం తీసేది కంటికి కనిపించని చోట ఉంటుంది. రక్తం గొంతులోకి దిగుతుంది. ఊడిన పన్ను శ్వాసనాళంలోకి జారుతుంది. కింది దవడ రెండు వైపులా విరిగితే నాలుకకు ముందున్న ఆధారం పోయి, అది వెనక్కి పడి గాలిదారిని మూసేస్తుంది. ఊపిరి ఆగితే మెదడు తట్టుకునేది కొన్ని నిమిషాలే. ఆ కొన్ని నిమిషాల్లో పక్కన ఉండేది అంబులెన్సు కాదు, సర్జను కాదు. దారిన పోయేవాడు.

డాక్టర్లు ఫాబియో గొంతులోకి గొట్టం వేశారు. చాలా రక్తం పోయిందని ఆ రాత్రే పోటీ వైద్యురాలు చెప్పారు. పక్క ఊరు సోస్నోవియెత్స్‌లో సెయింట్ బార్బరా ఆసుపత్రికి తీసుకెళ్లి, మత్తులో ఉంచి, ఐదు గంటలు ఆపరేషన్ చేశారు. తర్వాత ఫాబియో తన గాయాల పట్టిక తానే రాసి బయటపెట్టాడు. మెదడు కమిలింది. పుర్రెలో పగులు. ముక్కు విరిగింది. అంగిలి విరిగి చీలిపోయింది. పది పళ్లు పోయాయి, వాటితోపాటు పైదవడలో, కింది దవడలో కొంత ఎముక కూడా పోయింది. మొహం మీద, చెవి మీద కోతలు. బొటనవేలు విరిగింది. ఊపిరితిత్తి కమిలింది. స్వరతంతువుల నరం దెబ్బతింది. మొహానికి 130 కుట్లు.

మన మొహంలో ముక్కుకు అటూ ఇటూ ఉన్న ఎముకలు బయటికి గట్టిగా కనబడినా లోపల గాలి గదులతో పల్చగా ఉంటాయి. దెబ్బ తగిలితే అవి ఇష్టం వచ్చినట్టు పగలవు, కొన్ని గీతల వెంబడే పగులుతాయి. ఈ సంగతి 1901లో రెనే లె ఫోర్ అనే ఫ్రెంచి సర్జన్ శవాల మీద పరీక్షలు చేసి తేల్చాడు. ఇవాళ్టికీ ప్రపంచమంతా ఆ పగుళ్లను ఆయన పేరుతోనే లెక్కపెడుతుంది. వాటిని పూర్వం తీగలతో కట్టేవారు, పైపళ్లనూ కింది పళ్లనూ కలిపి వారాల తరబడి నోరు మూసి ఉంచేవారు. ఇప్పుడు సన్నటి టైటానియం పలకలు, చిన్న స్క్రూలు. అయినా పగిలిన అంగిలిని కలపడమంటే ఎముకను అతికించడం ఒక్కటే కాదు. పళ్ల వరస మళ్లీ పైదీ కిందదీ కలిసేలా కుదరాలి. అది కుదరకపోతే మొహం బయటికి బాగానే ఉన్నా ఆ మనిషి జీవితాంతం ముద్ద సరిగ్గా నమలలేడు.

రెండు రోజులకు ఫాబియో మత్తులోంచి బయటికొచ్చాడు. ఐసీయూలో గడిపిన వారం చీకటి కాలమని, బతకనేమోనని భయపడ్డానని తర్వాత చెప్పాడు. ఆగస్టు 12న స్వదేశంలోని లైడెన్ ఆసుపత్రికి చేర్చారు. అతను అందరికంటే ముందు కృతజ్ఞత చెప్పింది గీత దగ్గర తన ప్రాణం నిలబెట్టినవాళ్లకి.

ఎక్కడో పోలండ్‌లో జరిగిన ఈ కథ శ్రీకాకుళం జిల్లా ఆదివారం పాఠకుడికి ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు చెప్పాలి.

అరసవల్లి సూర్యదేవుడి ఊరు. ఆదివారమైతే శ్రీకాకుళం నుంచి గుడి దాకా రోడ్డంతా జనం. ఆటోలు, బస్సులు, మోటారు సైకిళ్లు, పువ్వుల బుట్టలు, చెప్పుల దుకాణాలు, వీటన్నిటి మధ్యలోంచి సైకిళ్ల మీద పిల్లలు. ఈ గుడికి వచ్చేవాళ్లలో కళ్ల జబ్బులు, చర్మం మీది మచ్చలు పోవాలని మొక్కుకునేవాళ్లు ఎక్కువ. ఏడో శతాబ్దంలో కళింగాన్ని ఏలిన గాంగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెప్పే ఈ ఆలయానికి ఉన్న స్థలపురాణమే ఒక పడిపోయిన మనిషి కథ. నాగావళి ఒడ్డున కోటేశ్వరస్వామిని చూడ్డానికి ఇంద్రుడు వేళ కాని వేళ వచ్చాడట. ద్వారం దగ్గర నంది వద్దన్నాడు. ఇంద్రుడు వినలేదు. నంది తన్నిన తన్నుకి ఎగిరి దూరాన పడి, ఒళ్లంతా గాయాలతో స్పృహ తప్పాడు. సూర్యుణ్ణి వేడుకుంటే కలలో కనిపించి, పడిన చోటే తవ్వమన్నాడట. వజ్రాయుధంతో తవ్వితే విగ్రహం దొరికింది, గాయాలు మానాయి. ఆ తవ్విన చోటే ఇంద్ర పుష్కరిణి అని ఇప్పటికీ చూపిస్తారు. దెబ్బతిన్నవాడు కోలుకున్న చోటు అనే నమ్మకం మీద నిలబడ్డ ఊరు కాబట్టే, దెబ్బతిన్నవాణ్ణి మనం ఎలా ముట్టుకుంటున్నామో ఇక్కడ మాట్లాడుకోవాలనిపించింది.

సైకిల్ మీంచి పడేవాళ్లు చాలావరకు మొహం మీదే ఎందుకు పడతారు? నడుస్తూ తూలితే చేతులు ముందుకు వస్తాయి, అరచేతులు దెబ్బ తీసుకుంటాయి. సైకిల్ మీద చేతులు హ్యాండిల్‌ని పట్టుకుని ఉంటాయి, భయంతో ఇంకా గట్టిగా బిగుసుకుంటాయి. ముందు చక్రం గోతిలో పడినా, ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కినా, చక్రం ఆగిపోతుంది, మనిషి ఆగడు. హ్యాండిల్ మీదుగా ముందుకు పోతాడు. చేతులు వదిలే లోపు గెడ్డం నేలకు తగులుతుంది. కాళ్లు అందక, కడ్డీ కింది నుంచి కాలు దూర్చి నాన్న సైకిల్ తొక్కే పిల్లలు. వెనకాల కారియర్ మీద తమ్ముణ్ణి ఎక్కించుకున్న అక్కలు. చున్నీ గొలుసులోనో చక్రంలోనో చిక్కుకున్న ఆడపిల్లలు. కొన్నేళ్ల కిందట ‘బడికొస్తా’ పేరుతో సర్కారు హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చింది. ఆ సైకిళ్లే ఎంతమంది చదువు ఆగిపోకుండా కాపాడాయో పల్లెల్లో తల్లులకు తెలుసు. సైకిల్ తొక్కొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ మాట వింటే ముందు ఆగిపోయేది ఆడపిల్ల చదువే.

ఇప్పుడు మన వీధిలో ఒక గుంటడు సైకిల్ మీంచి బోర్లా పడ్డాడనుకోండి. మూతి నిండా రక్తం. ఏమవుతుంది?

“ఏటైనాది బావూ!” అని పదిమంది పరుగెత్తుకొస్తారు. మన వాళ్ల ప్రేమలో లోటేమీ ఉండదు. ఎత్తుకుని అరుగు మీద వెల్లకిలా పడుకోబెడతారు. “నీల్లు పట్టండర్రా” అని ఒకరు నోట్లో నీళ్లు పోస్తారు. ఇంకొకరు తల వెనక్కి వంచి ముక్కు మీద తడిగుడ్డ వేస్తారు. ఇంటావిడ ఎవరో పసుపో కాఫీపొడో తెచ్చి గాయంలో అద్దుతుంది. అంతా మంచి మనసుతోనే. అందులో మొదటి మూడు పనులూ రక్తాన్ని గొంతులోకి పంపేవే.

చెయ్యవలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. పిల్లాడు తెలివిలో ఉండి తనంతట తాను కూర్చోగలిగితే కూర్చోబెట్టండి. కొంచెం ముందుకు వంచండి, నోరు తెరిపించండి, రక్తం నేల మీద కారిపోనివ్వండి. మింగొద్దని, ఉమ్మెయ్యమని చెప్పండి. మింగిన రక్తం కడుపులోకి పోతే వాంతి వస్తుంది, ఆ వాంతితో మళ్లీ ఊపిరికి అడ్డం. నోట్లో విరిగిన పన్నూ మట్టీ కనబడితే అందేవరకే తియ్యండి, వేలు లోపలికి తోయొద్దు. ముక్కు నుంచి కారుతుంటే తల ముందుకు వంచే ఉంచి, ముక్కు వంకరపోలేదనుకుంటేనే మెత్తటి భాగాన్ని పదినిమిషాలు నొక్కి పట్టండి. చెంప మీదో పెదవి మీదో కోత ఉంటే శుభ్రమైన గుడ్డ పెట్టి అదిమి ఉంచండి. మొహానికి రక్తనాళాలు ఎక్కువ కాబట్టి చిన్న కోతకే బాగా కారుతుంది, అదే కారణం వల్ల త్వరగా మానుతుంది కూడా. నోటికి ఏమీ పెట్టొద్దు, మంచినీళ్లైనా సరే. మత్తు ఇవ్వాల్సి వస్తే ఖాళీ కడుపు కావాలి.

తెలివి తప్పితే? మెడ నొప్పంటున్నాడా, కాళ్లూ చేతులూ ఆడించలేకపోతున్నాడా? అప్పుడు లేపి కూర్చోబెట్టకూడదు. ఒకరు తలా మెడా కదలకుండా రెండు చేతులా పట్టుకోవాలి, ఇద్దరు భుజం, నడుం పట్టుకుని మనిషి మొత్తాన్ని ఒక్కసారిగా పక్కకి తిప్పాలి. నోరు నేల వైపు ఉండాలి. మెడ గురించి భయం న్యాయమైనదే. కానీ ఆ భయంతో వెల్లకిలా వదిలేస్తే మెడ కంటే ముందు ఊపిరి పోతుంది.

ఇక పన్ను సంగతి. ఇది నేను ఎవరికి చెప్పినా నమ్మడానికి ఒక్క నిమిషం పట్టింది. ఊడి రోడ్డు మీద పడిన పన్నుని మళ్లీ దాని గుంటలో నాటొచ్చు. అది బతుకుతుంది. ఆరేడేళ్ల వయసు దాటాక వచ్చే శాశ్వత దంతాల మాట ఇది. పాలపళ్లను తిరిగి పెట్టకూడదు, కింద ఎదుగుతున్న కొత్త పన్ను పాడవుతుంది. శాశ్వత దంతం ఊడినప్పుడు దాని వేరు మీద కంటికి కనబడని సన్నటి పొర ఉంటుంది. అందులోని కణాలు బతికి ఉంటేనే పన్ను తిరిగి ఎముకతో చుట్టరికం కలుపుకుంటుంది. ఎండలో, గుడ్డలో, కాగితంలో ఉంటే అవి గంట లోపే చచ్చిపోతాయి. కోపెన్‌హాగన్ దంతవైద్యుడు జెన్స్ ఆండ్రియాసెన్ దశాబ్దాల పాటు ఊడిన పళ్ల మీదే పనిచేసి ప్రపంచానికి నేర్పిన పాఠం ఇది. కాబట్టి పన్ను వెతకండి. తెల్లటి కొస దగ్గరే పట్టుకోండి, వేరుని ముట్టుకోవద్దు, రుద్దొద్దు. మట్టి ఉంటే పాలతోనో నీళ్లతోనో కొద్ది క్షణాలు తొలిపితే చాలు. పిల్లాడు తెలివిగా ఉంటే అక్కడికక్కడే గుంటలో పెట్టి గుడ్డ కొరికి పట్టుకోమనండి. ధైర్యం చాలకపోతే గ్లాసుడు చల్లటి పాలలో వేసి డెంటల్ డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. మంచినీళ్లలో వేసి ఉంచొద్దు, ఆ కణాలు ఉబ్బి పగిలిపోతాయి. కొబ్బరినీళ్లు పనికొస్తాయని 2008లో చెన్నై పరిశోధకులు రాశారు. మన ఉద్దానం కొబ్బరి గుర్తొచ్చి సంతోషపడ్డాను కానీ, వాటిలో పులుపు గుణం మంచిది కాదని తర్వాత వేరేవాళ్లు అన్నారు. పాలైతే ఏ తగాదా లేదు, ప్రతి టీకొట్లోనూ ఉంటాయి.

వీటన్నిటి కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఒక చిన్న గాయం. గెడ్డం కింద అంగుళం కోత. పిల్లాడు పడ్డాడు, ఏడ్చాడు, ఆర్ఎంపీ దగ్గర మూడు కుట్లు వేయించారు, టీటీ ఇంజక్షన్ చేయించారు. వారానికి మానింది. అందరూ మర్చిపోయారు. కానీ గెడ్డానికి తగిలిన దెబ్బ గెడ్డం దగ్గర ఆగదు. దవడ ఎముక వెంబడి పైకి పోయి, చెవికి సరిగ్గా ముందున్న కీలు దగ్గర తేలుతుంది. అక్కడ ఎముక మెడ సన్నగా ఉంటుంది, విరుగుతుంది. బయటికి దెబ్బ గుర్తు కూడా ఉండదు. పిల్లాడు నొప్పికి నోరు తెరవడం తగ్గిస్తాడు. గట్టివి తినడం లేదని తల్లి తిడుతుంది. లోపల కారిన రక్తం గడ్డకట్టి, ఎదిగే వయసు కనుక వేగంగా ఎముకగా మారి, కీలును పుర్రెతో అతికించేస్తుంది. ఏడాది గడిచేసరికి రెండు వేళ్లు పట్టినంత నోరు ఒక వేలికి వస్తుంది. తర్వాత అదీ ఉండదు. ఆ వైపు దవడ ఎదగడం ఆగిపోతుంది. పదేళ్ల పిల్లాడికి పదిహేనేళ్లొచ్చేసరికి గెడ్డం ఒక పక్కకి వాలి, వెనక్కి పోయి ఉంటుంది. అన్నం పళ్ల సందుల్లోంచి తోసుకోవాలి. పళ్లు తోముకోలేడు. నిద్రలో గాలిదారి ఇరుకై గురక, ఉక్కిరిబిక్కిరి. మన దేశంలో పెద్ద ఆసుపత్రుల దంత శస్త్రచికిత్స విభాగాలకు నోరు తెరవలేని పిల్లలు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. ‘ఎప్పుడైనా పడ్డాడా’ అని అడిగితే తల్లిదండ్రులు చాలాసేపు ఆలోచించి ఏళ్ల కిందటి ఒక పడిపోవడం చెబుతారు. అప్పుడు చేసే ఆపరేషన్ పెద్దది, కష్టమైనది.

మొదటి వారంలోనే పట్టుకుంటే చాలామంది పిల్లలకు కత్తి అక్కర్లేదు. కొన్ని రోజులు మెత్తటి తిండి, ఆ తర్వాత రోజూ నోరు తెరిచే వ్యాయామం, నెలల తరబడి డాక్టరుకి చూపించడం. అంతే. పట్టుకోవడం ఎలా? గెడ్డం మీద కోత ఉన్న ప్రతి పిల్లాణ్ణీ మూడు అడగాలి. నోరు పూర్తిగా తెరుస్తున్నాడా? తెరిచేటప్పుడు గెడ్డం ఒక పక్కకి పోతోందా? పైపళ్లు కింది పళ్లు మునుపటిలా కలుస్తున్నాయా? చెవి ముందు వేలు పెట్టి నొక్కితే ఉలిక్కిపడినా, చెవిలోంచి రక్తం వచ్చినా ఎక్స్‌రే తీయించాల్సిందే. ఈ ప్రశ్నలు ప్రతి ఆర్ఎంపీకీ, ప్రతి ఆశా కార్యకర్తకీ, ప్రతి డ్రిల్లు మాస్టారికీ నోటికి రావాలని నా కోరిక.

గాయంలో పసుపూ కాఫీపొడీ ఎందుకు వద్దంటే, కుట్లు వేసేవాళ్లు అదంతా గీకి తియ్యాలి. అంతకంటే ముఖ్యం, తారురోడ్డు ఇసుకా మసీ చర్మం కింద ఉండిపోతే మానిన తర్వాత పచ్చబొట్టులా నల్లగా మిగిలిపోతుంది. మొదటి రోజున శుభ్రం చేస్తే పోయేది, తర్వాత లేజరు పెట్టినా పూర్తిగా పోదు.

మరి హెల్మెట్? ఫాబియో తలకు హెల్మెట్ ఉంది. 2003లో ఆంద్రే కివిలెవ్ అనే కజక్ సైకిలిస్టు పందెంలో పడి తలకు దెబ్బతగిలి చనిపోయాకే పెద్ద పోటీల్లో అది తప్పనిసరి అయింది. ఫాబియో మెదడు మిగలడానికి అది సాయపడి ఉంటుంది. అంగిలినీ పళ్లనూ మిగల్చలేకపోయింది. అమెరికాలో సియాటిల్ పరిశోధకులు 1996లో తేల్చింది ఇదే. సైకిల్ హెల్మెట్ నుదురు, కళ్లు, ముక్కు, చెంపల దగ్గరి తీవ్ర గాయాలను దాదాపు 65 శాతం తగ్గిస్తుంది. దవడకి మాత్రం కాపు కాయదు. ఆ 65 శాతం చిన్నదేమీ కాదు. మన ఊళ్లలో సైకిల్ తొక్కే పిల్లాడికి హెల్మెట్ పెడితే తోటివాళ్లు నవ్వుతారు. వంద రూపాయల బంతికి ఏడ్చి కొనిపించుకున్నట్టు దాన్నీ కొనిపించుకునే రోజు రావాలి.

ఒక భయం గురించి కూడా చెప్పాలి. పడినవాణ్ణి ముట్టుకుంటే కేసు మన మెడకు చుట్టుకుంటుందేమో, పోలీసు స్టేషను చుట్టూ తిరగాలేమో. ఈ భయం వల్లే మన రోడ్ల మీద పదిమంది చుట్టూ నిలబడి ఒక్కరూ వంగరు. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు ఈ భయాన్ని తీర్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ అనే సెక్షన్ పెట్టి పార్లమెంటు దాన్ని శాసనం చేసింది. రోడ్డు ప్రమాదంలో మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు. పేరూ ఊరూ చెప్పమని బలవంతం చెయ్యకూడదు. ఆసుపత్రివాళ్లు ఆపి డబ్బు కట్టమనకూడదు. 108కి ఫోన్ చెయ్యండి, శ్రీకాకుళం రిమ్స్ ఆసుపత్రి దగ్గరే. అక్కణ్ణించి విశాఖ కేజీహెచ్‌కి పంపినా, వంద కిలోమీటర్ల పైబడిన ఆ దారంతా పిల్లాణ్ణి పక్కకి తిప్పి ఉంచమని, లేదా ముందుకు వంచి కూర్చోబెట్టమని అడిగే హక్కు తల్లికి ఉంది. ఎముకలు కలపడానికి కొద్ది రోజులు ఆగొచ్చు, వాపు తగ్గాకే చేస్తారు కూడా. ఆగలేనిది ఊపిరి ఒక్కటే.

ఫాబియో కథ మిగిలింది. కటోవిత్సె పందెంలో గ్రూనవేగన్‌ని అనర్హుణ్ణి చేసి, ఆసుపత్రిలో మత్తులో ఉన్న ఫాబియోని విజేతగా ప్రకటించారు. గ్రూనవేగన్‌కి తొమ్మిది నెలల నిషేధం పడింది. అతను తప్పు ఒప్పుకున్నాడు. అతనికీ బెదిరింపులు వచ్చాయి, ఇంటికి పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. నా దృష్టిలో తప్పు అతని ఒక్కడిదే అనడం సగం నిజం. వాలులో గీత పెట్టినవాళ్లు, ఊడిపోయే బారికేడ్లు నిలబెట్టినవాళ్లు ఎవరు? మన వీధిలో పిల్లాడు పడితే వాడి తొందరనే తిడతాం. పైపు కోసం తవ్వి పూడ్చని గోతిని, రంగు లేని స్పీడ్ బ్రేకర్‌ని, రోడ్డు మీద పోసి వదిలేసిన కంకరని ఎవరూ తిట్టరు.

ఆ శరదృతువులో ఫాబియో తుంటి ఎముకలోంచి ఒక ముక్క తీసి దవడలో అమర్చారు. అది అతుక్కోవడానికి నెలలు పట్టింది. తర్వాత దానిలో పళ్లు బిగించడానికి స్క్రూలు దించారు. ఆ మధ్యకాలమంతా తిండి మెత్తనిదే, నవ్వు మూసుకున్న నోటితోనే. గొంతు నరం నెమ్మదిగా కోలుకుంది. 2021 ఏప్రిల్‌లో టర్కీ పోటీల్లో మళ్లీ సైకిలెక్కాడు. గుంపు మధ్యలో దూరాలంటే మొదట భయపడ్డాడు. జులైలో బెల్జియంలో, ప్రమాదం తర్వాత మొదటిసారి గెలిచాడు. ఆగస్టులో స్పెయిన్ చుట్టొచ్చే వుయెల్టాకి వెళ్లాడు. సెనెషాల్ కూడా అదే జట్టులో ఉన్నాడు, ఫాబియోకి ఆఖరి పరుగులో దారి చేసిపెట్టడం అతని పని. 13వ రోజు ఫాబియో ఆఖర్లో వెనకబడిపోయాడు. నువ్వే వెళ్లు అన్న కబురు సెనెషాల్‌కి అందింది. వెళ్లాడు, గెలిచాడు. నాలుగు రోజుల తర్వాత ఆగస్టు 31. ఫాబియోకి ఇరవై ఐదేళ్లు నిండిన రోజు. ఆ రోజు పందెం ఫాబియోది. మొత్తం మూడు రోజుల పందేలు గెలిచి, పరుగు వీరులకిచ్చే ఆకుపచ్చ జెర్సీతో ఇంటికెళ్లాడు. మరుసటి ఏడు జులై 2న టూర్ ద ఫ్రాన్స్‌లో గెలిచాడు. ఆ మర్నాడు అదే టూర్‌లో గెలిచింది గ్రూనవేగన్.

వచ్చే రథసప్తమికి అరసవల్లికి లక్షల మంది వస్తారు. వైద్య శిబిరాలు పెడతారు. బీపీ చూస్తారు, ఓఆర్ఎస్ పొట్లాలిస్తారు. ఆ శిబిరాల్లో ఒక దాని ముందు ఒక చాప పరిచి, మెడికల్ కాలేజీ పిల్లలు ఇద్దరు నిలబడి, పడిన మనిషిని ముందుకు వంచి కూర్చోబెట్టడం, తెలివి తప్పినవాణ్ణి పక్కకి తిప్పడం, పన్నుని పాలలో వెయ్యడం వచ్చినవాళ్లకి వచ్చినట్టు చేసి చూపించాలి. చూసినవాళ్ల చేత కూడా చేయించాలి. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చాలు. క్యూలో నిలబడే జనానికి ఆ ఐదు నిమిషాలు ఎలాగూ ఉంటాయి.